గీత తప్పితే పని తప్పినట్టే!

ఇనుప పనిలో గుర్తు పెట్టడానికి పెన్ను మేలా, పూత మేలా?

(మా గ్రామీణ విలేఖరి)

తెనాలి: సాగు పనులు మొదలయ్యాయంటే ఏ ఊరి రైతుకైనా వెల్డింగు షాపు గడప తొక్కక తప్పదు. గొర్రు పళ్ళు అరిగిపోయి ఉంటాయి. ట్రాక్టరు ట్రక్కు కొక్కెం సాగిపోయి ఉంటుంది. కాలువ గట్టు మీది ఇంజనుకు కప్లింగు పగిలిపోయి ఉంటుంది. తెనాలి నుంచి పొన్నూరు, చేబ్రోలు, దుగ్గిరాల వైపు ఏ రోడ్డున వెళ్ళినా ఇలాంటి పనులు చేసే లేత్ షాపులు, వెల్డింగు షాపులు కనిపిస్తూనే ఉంటాయి.

షాపుకు వెళ్ళిన రైతు ముందుగా అడిగేది ఇనుము ధర. తరువాత కూలి. ఆ తరువాత "ఎప్పటికిస్తావు?" అన్నది. అసలు పని బాగుపడేదీ, చెడేదీ తేలే ఘట్టం మాత్రం ఎవరి కంటా పడదు. అది ఇనుము మీద గీత గీసే ఘట్టం. కోత యంత్రం గీత వెంబడే పోతుంది. డ్రిల్లు చుక్క మీదే దిగుతుంది. గీత తప్పు పడితే యంత్రం ఎంత మంచిదైనా తప్పునే చక్కగా కోసిపెడుతుంది.

ఈ గీతను దేనితో గీయాలన్న విషయంలో షాపుల్లో రెండు పద్ధతులు కానవస్తున్నాయి. ఒకటి జేబులో పెట్టుకునే మార్కరు పెన్ను. రెండోది ఇనుము మీద రంగు పూత పూసి, ఆరిన తరువాత ఉక్కుసూదితో గీయడం. పెన్ను సుళువు. పూతకు ఓపిక కావాలి. ఎక్కడ ఏది వాడాలో తెలియక చెడగొట్టిన ఇనుము తుక్కు కొట్టుకు పోతోంది. ఆ నష్టం చాలాసార్లు రైతు నెత్తినే పడుతోంది.

సుద్దముక్కతో మొదలు

పాతకాలపు కమ్మరి కొలిమిలో పెన్నూ లేదు, పూతా లేదు. ఎర్రగా కాలిన ఇనుము మీద ఏ రంగూ నిలవదు. అందుకే కమ్మరి ఉలితో చిన్న గాటు పెట్టేవాడు, లేదా పంచితో చుక్క కొట్టేవాడు. కొలిమిలో పెట్టి తీసినా ఆ గాటు కనిపిస్తుంది. ఈనాటికీ కొలిమి పనికి అంతకు మించిన గుర్తు లేదు.

వెల్డింగు షాపులు వచ్చాక సుద్దముక్క వచ్చింది. నల్లటి ప్లేటు మీద తెల్లని గీత బాగానే కనిపిస్తుంది. కాని చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. దానికన్నా మేలైనది బలపం. పిల్లలు పలక మీద రాసుకునే బలపం లాంటి మెత్తని రాయినే పలకలుగా కోసి షాపుల్లో వాడతారు. గ్యాసుతో ప్లేటు కోసేటప్పుడు మంట సెగకు పెన్ను సిరా మాడిపోతుంది, పూత కాలిపోతుంది. బలపం గీత మాత్రం నిలుస్తుంది. గ్యాసు కోతకు బలపాన్ని మించింది లేదని మేస్త్రీలు చెప్పేది ఇందుకే. కాకపోతే బలపాన్ని అరగదీసి అంచు పదును చేసుకోవాలి. మొద్దుబారిన బలపంతో గీస్తే గీత చిటికెన వేలంత అవుతుంది.

పోత ఇనుము ముక్కలకు, కొలిమిలో సాగగొట్టిన గరుకు ముక్కలకు సున్నపు పూత వాడుక ఉంది. సుద్దపొడి నీళ్ళలోనో, స్పిరిటులోనో కలిపి కుంచెతో పూస్తారు. ఆరిన తరువాత ఆ తెలుపు మీద గీత గీస్తారు. ఇది గరుకు పనికే తప్ప కచ్చితమైన కొలతలకు పనికిరాదని ఐ.టి.ఐ. ఫిట్టరు పాఠాల్లోనే చెబుతారు.

పెన్ను సుగుణాలు

పెన్నును తీసిపారేయనక్కరలేదు. జేబులోంచి తీసి మూత విప్పితే చాలు, గీత పడుతుంది. ఆరబెట్టే పని లేదు. ఒలికే భయం లేదు. గేటు పనికి పది అడుగుల యాంగిలు కోయాలంటే పెన్ను గీత చాలు. గేటు ఊచ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే గేటు పడదు.

గాల్వనైజ్డ్ రేకు మీద అయితే పెన్నే వాడాలి. ఆ రేకు మీద ఉండే జింకు పొర చాలా పలచన. సూదితో గీకితే పొర తెగి లోపలి ఇనుము బయటపడుతుంది. తుప్పు ఆ గీత దగ్గరే మొదలవుతుంది. పశువుల కొట్టం మీది రేకుకు గాని, నీళ్ళ తొట్టికి గాని అటువంటి గీత పడితే నష్టమే.

రేకు వంచే చోట కూడా అంతే. వంపు పడే గీతను సూదితో లోతుగా గీస్తే, వంచినప్పుడు రేకు అక్కడే చిట్లే ప్రమాదం ఉంది. అల్యూమినియం రేకుకు ఇది మరీ ఎక్కువ. కోసే గీత సూదితో, వంచే గీత పెన్నుతో లేదా పెన్సిలుతో అన్నది రేకు పనివారు పాటించే నియమం.

పెన్ను లోపం ఎక్కడ?

లోపమల్లా గీత మందంలోనే ఉంది. మామూలు మార్కరు గీత మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా వెడల్పు ఉంటుంది. సన్నమొన పెన్ను కొంత నయం. కాని గరుకు ప్లేటు మీద నాలుగు గీతలు గీసేసరికి దాని మొన చితికిపోతుంది. ఇనుము మీద నూనె ఉంటే సిరా పట్టదు. పొడి తుప్పు ఉంటే మొన పూడుకుపోతుంది. పైగా డ్రిల్లు వేసేటప్పుడు పోసే నూనెకు, చెయ్యి రాపిడికి గీత చెదిరిపోతుంది.

రెండు మిల్లీమీటర్ల గీత గీశాక కోయాల్సింది ఎక్కడ? గీతకు ఇవతలా, అవతలా, నడిమధ్యా? గీసినవాడు ఒకటి అనుకుంటాడు, కోసేవాడు ఇంకోటి అనుకుంటాడు. కోతకు కూడా కొంత ఇనుము పోతుంది. చేతి రంపానికి సుమారు ఒక మిల్లీమీటరు, పెద్ద కోత చక్రానికి రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు పోతుంది. గీత మందం, కోత మందం కలిసేసరికి ముక్క పొట్టి అయి కూర్చుంటుంది.

అర మిల్లీమీటరు ఏం చేస్తుంది?

"అర మిల్లీ తేడాకు ఏమవుతుందిలే" అనేవారు ఉన్నారు. ఏమవుతుందో ఈ చుట్టుపక్కల ఒక ఊళ్ళో జరిగిన సంగతి చూస్తే తెలుస్తుంది.

ఒక రైతుకు కాలువ నుంచి నీరు తోడే ఇంజను ఉంది. ఇంజనుకూ పంపుకూ మధ్య ఉండే కప్లింగులో ఒక చెక్క పగిలింది. వంతు నీరు వదిలిన రోజులు. ఆయన పరుగున షాపుకు వెళ్ళి కొత్త చెక్క చేయించుకున్నాడు. లేతు పని బాగానే వచ్చింది. ఆరు బెజ్జాలకు మాత్రం గుర్తులు మార్కరు పెన్నుతో పెట్టారు. బిగించబోతే మూడు బోల్టులు దూరాయి, మూడు దూరలేదు. బెజ్జాలను ఆకురాయితో సాగదీసి ఎలాగో బిగించారు. బరువంతా ఒకటి రెండు బోల్టుల మీదే పడింది. రబ్బరు బుష్షులు కొద్ది రోజుల్లోనే నలిగిపోయాయి. ఇంజను అదరడం మొదలుపెట్టింది. చివరకు ఆ చెక్కను పారవేసి మరొకటి చేయించాల్సి వచ్చింది. ఈలోగా నీటి వంతు దాటిపోయింది. ఇనుము ఖర్చు ఎవరు భరించాలన్న దాని మీద షాపువారికీ రైతుకూ మాటా మాటా పెరిగింది.

దీని లెక్క చాలా చిన్నది. వంద మిల్లీమీటర్ల అడ్డకొలత గల వలయం మీద ఆరు బెజ్జాలు సమదూరంలో రావాలంటే డివైడరును సరిగ్గా 50 మిల్లీమీటర్లకు తెరిచి, వలయం చుట్టూ ఆరు అడుగులు వేయాలి. ఆరో అడుగు మొదటి చుక్క మీదే పడాలి. లావు గీత చూసి డివైడరును అర మిల్లీమీటరు ఎక్కువ తెరిస్తే ప్రతి అడుగులోనూ ఆ తేడా చేరుతుంది. ఆరు అడుగులు తిరిగి వచ్చేసరికి మొదటి చుక్కను మూడు మిల్లీమీటర్ల పైనే దాటిపోతుంది. 12 మిల్లీమీటర్ల బోల్టుకు 13 మిల్లీమీటర్ల బెజ్జం వేస్తే, బోల్టుకు చుట్టూ ఉండే సందు అర మిల్లీమీటరే. మూడు మిల్లీమీటర్ల తేడాను ఆ సందు ఎలా ఓర్చుకుంటుంది?

నీలం పూత పద్ధతి

ఇలాంటి పనులకే పూత పుట్టింది. మార్కింగ్ బ్లూ అనే నీలం ద్రవం సీసాల్లో దొరుకుతుంది. స్పిరిటు వంటి త్వరగా ఆరిపోయే ద్రవంలో నీలి రంగు కలిపినదే అది. కొన్నింటిలో లక్క కూడా ఉంటుంది. ఇనుము మీద కుంచెతో పలచగా ఒక్క పూత పూస్తే క్షణాల్లో ఆరుతుంది. దాని మీద ఉక్కుసూది అంటే స్క్రైబరుతో గీస్తే నీలం లేచిపోయి కింది లోహం మెరుస్తుంది. నీలి రంగు నడుమ వెండి తీగ వంటి గీత. ఇంచుమించు వెంట్రుక మందం. కోసేవాడికి, డ్రిల్లు వేసేవాడికి అనుమానం ఉండదు.

గీయడంలోనూ ఒక క్రమం ఉంది. సూదిని స్కేలు అంచుకు ఆనించి, కొంచెం వాల్చి, ఒకే ఊపులో గీయాలి. గీసిన దాని మీదే మళ్ళీ గీస్తే రెండు గీతలవుతాయి. సూది మొన మొద్దుబారితే సానబెట్టుకోవాలి. రెండు గీతలు కలిసిన చోట ముందు సన్నమొన గల డాట్ పంచితో మెల్లగా చుక్క కొట్టి, కళ్ళతో చూసి, సరిగ్గా పడిందనుకున్నాకనే సెంటర్ పంచితో గట్టిగా కొట్టాలి. డాట్ పంచి మొన 60 డిగ్రీలు, సెంటర్ పంచి మొన 90 డిగ్రీలు ఉంటుంది. వెడల్పు గుంట పడితేనే డ్రిల్లు మొన జారకుండా కూర్చుంటుంది.

ఒక పొరపాటు ఇక్కడ చెప్పుకోవాలి. గొట్టంలో వచ్చే ముద్దలాంటి నీలం ఒకటి ఉంది. అది బేరింగులు, వాల్వు సీట్లు ఎక్కడ ఆనుతున్నాయో చూసేందుకు వాడేది. అది ఆరదు. మార్కింగుకు పనికిరాదు. పేర్లు దగ్గరగా ఉండడంతో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఒకదానికి ఒకటి కొని తెస్తుంటారు.

రైతు ఇంట్లోనే ఉన్న మందు

పూతలన్నింటిలోకీ రైతుకు బాగా తెలిసినది మరొకటి ఉంది. అది మైలుతుత్తం.

తెనాలి చుట్టుపక్కల నిమ్మ రైతులందరికీ బోర్డో మిశ్రమం తెలిసినదే. ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం, వంద లీటర్ల నీరు. దాన్ని ఇనుప పాత్రలో కలపరాదని వ్యవసాయ శాఖ వారు చెబుతారు. కలపడం అయ్యాక శుభ్రమైన చాకును అందులో ముంచి చూడమనీ చెబుతారు. చాకు మీద ఎర్రని పొర పడితే సున్నం చాలలేదని లెక్క. ఇంకా సున్నపు నీరు పోయాలి.

చాకు మీద పడే ఆ ఎర్రపొర రాగి. మైలుతుత్తం నీటిలో ఇనుము ముంచితే కొంత ఇనుము నీటిలోకి పోయి, నీటిలోని రాగి ఇనుము మీదకు చేరుతుంది. తోటలో రైతు ఏ పొర పడకూడదని చూస్తాడో, షాపులో ఫిట్టరు సరిగ్గా ఆ పొరే కావాలని కోరుకుంటాడు. మైలుతుత్తం నీళ్ళలో కరిగించి, అందులో కొద్ది చుక్కల నైట్రిక్ యాసిడ్ వేసి, నునుపు చేసిన ఇనుము మీద పూస్తే సన్నని రాగి పూత పడుతుంది. ఎర్రని పూత మీద సూదిగీత తెల్లగా మెరుస్తుంది. ఈ పూత ఇనుముకు అంటుకుపోయేది కనుక డ్రిల్లు నూనెకు చెరగదు, చేతికి అంటదు. నీలం కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది.

అయితే దీనికీ హద్దులున్నాయి. ఆకురాయి పట్టిన, లేతులో తిప్పిన నునుపు ఇనుముకే ఇది పడుతుంది. తుప్పు మీద, నూనె మీద పట్టదు. స్టెయిన్‌లెస్ స్టీలుకు, అల్యూమినియానికి ఇది పనికిరాదు. వాటికి నీలం పూతే శరణ్యం. పూత బాగా ఆరకముందే గీస్తే ద్రవం సూదికీ, స్కేలుకూ అంటి వాటిని తుప్పు పట్టిస్తుంది. పని అయిన తరువాత ముక్కను కడిగి, తుడిచి, నూనె రాయాలి.

మధ్యే మార్గం

పూత సీసా లేని చిన్న షాపులో ఏం చేయాలి? అనుభవం గల మేస్త్రీలు ఒక ఉపాయం పాటిస్తున్నారు. బెజ్జం పడే చోట ఇనుమును గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, అక్కడ లావు మార్కరుతో రెండు వేళ్ళ మందాన రంగు పూస్తారు. అది ఆరిన తరువాత సూదితో గీస్తారు. అప్పుడు పెన్నే పూత అవుతుంది. పెద్ద ప్లేటు మీద ఇది సాగదు గాని, నాలుగు బెజ్జాల పనికి బాగా సరిపోతుంది.

దీనినిబట్టి చూస్తే వాదం పెన్నుకూ పూతకూ మధ్య కాదు. గీతను సిరాతో గీస్తున్నారా, సూదితో గీస్తున్నారా అన్నదే అసలు సంగతి. ఒకదానికొకటి అమరాల్సిన పనికి, అంటే కప్లింగు, ఫ్లాంజి, బేరింగు హౌసింగు, మోటారు కింది బెడ్డు, తాళంగాడి వంటి వాటికి సూదిగీత ఉండాలి. విడిగా నిలిచే పనికి, అంటే గేటు, కంచె, పందిరి, స్టాండు వంటి వాటికి పెన్ను చాలు. గ్యాసు కోతకు బలపం. కొలిమి పనికి పంచి చుక్క.

ఇప్పుడు పట్నాల్లో కంప్యూటరు చెప్పినట్టు ప్లేటు కోసే యంత్రాలు వచ్చాయి. వాటికి గీతతో పని లేదు. కాని పొలంలో విరిగిన ఒక్క ముక్కను మళ్ళీ చేయించడానికి అంత దూరం పోయేవారు తక్కువ. మరమ్మతు ఉన్నంతకాలం చేతి మార్కింగు ఉంటుంది.

జాగ్రత్తలు

మైలుతుత్తం విషం. ఆ నీళ్ళను కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఉంచడం కొన్ని షాపుల్లో కనిపిస్తోంది. దాహం వేసిన పిల్లవాడు అది ఏమిటో చూడడు. సీసా మీద పేరు రాసి, ఎత్తున పెట్టాలి. వాడగా మిగిలిన నీటిని చెరువులోకి, కాలువలోకి వదలరాదు. చేపలు చస్తాయి. గొర్రెలకు రాగి విషం మరీ త్వరగా ఎక్కుతుంది కనుక అవి మేసే చోట పారబోయరాదు. యాసిడ్ కలిపేటప్పుడు నీళ్ళలోకి యాసిడ్ చుక్కలు వేయాలి గాని, యాసిడ్‌లోకి నీళ్ళు పోయరాదు. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి.

నీలం పూతలోని స్పిరిటుకు నిప్పు ఇట్టే అంటుకుంటుంది. గ్రైండరు రవ్వలు పడే చోట, వెల్డింగు పక్కన మూత తీసిన సీసా ఉండకూడదు. తలుపులు తెరిచి గాలి ఆడే చోట పూయాలి. వెల్డింగు పడే అంచు మీద నీలం గాని, సిరా గాని ఉంటే ముందు గ్రైండరుతో తీసివేయాలి. లేకుంటే అతుకులో గాలి బుడగలు పడి బలం తగ్గుతుంది.

రైతు ఏం చూడాలి?

షాపుకు వెళ్ళిన రైతు పనిముట్ల పేర్లు తెలుసుకోనక్కరలేదు. మూడు సంగతులు చూస్తే చాలు.

మొదటిది, పాత ముక్కను పారవేయకుండా వెంట తీసుకుపోవాలి. కప్లింగు పగిలితే మిగిలిన రెండో చెక్కను కూడా తీసుకుపోవాలి. దాన్నే అచ్చుగా పెట్టి కొత్తదాని మీద గుర్తులు తీస్తే కొలత తప్పే ప్రశ్నే రాదు.

రెండోది, బెజ్జాలు పడకముందు ఒకసారి వెళ్ళి గీతలు చూడాలి. అమరాల్సిన ముక్క మీద లావుపాటి సిరాగీతలు కనిపిస్తే "మేస్త్రీ, సూదితో గీయించు" అని మర్యాదగా అడగడంలో తప్పులేదు. ఇందుకు పట్టే సమయం పావుగంటకు మించదు.

మూడోది, పని అయ్యాక అంచు చూడాలి. మంచి ఫిట్టరు గీత వెంట వరుసగా చిన్న చుక్కలు కొట్టి, ఆ గీత దాకా ఆకురాయి పడతాడు. పని సరిగ్గా గీత మీద ఆగితే ప్రతి చుక్కా సగం పోయి సగం మిగులుతుంది. చుక్క మొత్తం ఉంటే ఇంకా అరగదీయాల్సింది ఉందన్నమాట. చుక్క అసలు లేకపోతే ఎక్కువ అరగదీసినట్టు. చదువు రానివారు కూడా చదవగలిగిన లెక్క ఇది.

ముక్క చెడిపోతే ఇనుము ఖర్చు ఎవరిదన్నది కూడా పని అప్పగించే ముందే మాట్లాడుకోవడం మంచిది. కొలత రైతు తప్పు చెబితే రైతుది, గీత షాపులో తప్పితే షాపుది అని ముందే అనుకుంటే తరువాత తగవు ఉండదు. మంచి మేస్త్రీలు ఈ మాటకు వెనుకాడరు.

షాపుల యజమానులు సైతం తమ వద్ద పని నేర్చుకుంటున్న కుర్రవాళ్ళకు వెల్డింగు రాడ్డు చేతికిచ్చే ముందే సూది, మూలమట్టం, డివైడరు చేతికివ్వడం అవసరం. చిన్న పూత సీసా, ఒక సూది ఉంచుకునేందుకు అయ్యే ఖర్చు, చెడగొట్టిన ఒక్క కప్లింగు ఖర్చు కన్నా తక్కువే. వంతు నీరు రైతు కోసం ఆగదు. పావుగంట ఓపికతో గీసిన సన్నగీత ఒక్కొక్కప్పుడు ఎకరాల పంటను నిలబెడుతుందన్న సంగతి ఇటు షాపువారు, అటు రైతులు గుర్తించడం ఎంతైనా అవసరం.